నాలుగువేళ్ళ అడుగు

పుంగనూరు చుట్టూ ఇరవై ఊళ్ళలో నా మాట లేకుండా పెళ్ళి కుదరని రోజులుండేవి. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి, ఉన్నమాటే చెబుతున్నాను. ఏ ఇంట్లో అబ్బాయికి సంబంధం చూసినా ముందు నా వాకిట్లో బండి ఆగేది. "జయలక్ష్మమ్మా, నువ్వొచ్చి పిల్ల కాళ్ళు సూడాల" అని బతిమాలేవాళ్ళు. నేను కాసేపు బెట్టు చేసి, చీర కొంగు నడుముకు దోపుకుని బండెక్కేదాన్ని.

పిల్ల ముఖం ఎవరైనా చూస్తారు. నేను చూసేది ఒళ్ళు. మెడ కురచగా ఉంటే ఆ పిల్ల ఒకరి మాట పడదు. భుజాలు వెడల్పుగా ఉంటే అన్నదమ్ముల్ని విడదీసి వేరుకాపురం పెట్టిస్తుంది. కాలి రెండో వేలు బొటనవేలిని దాటితే మొగుణ్ణి ఏలుతుంది. నడిస్తే దుమ్ము లేచిందా, ఇంటిగుట్టు వీధిలో పడుతుంది. ఇలాంటివి నా దగ్గర నలభై దాకా ఉండేవి. వీటికి సర్దుకునేవాళ్ళు సర్దుకునేవాళ్ళు. పిల్ల నచ్చితే భుజాలదేముందిలే అనేవాళ్ళు.

ఎవరూ సర్దుకోలేనిది ఒక్కటే ఉండేది, చిటికెన వేలు. నడిచేటప్పుడు కాలి చిటికెన వేలు నేలకు ఆనకపోతే ఆ పిల్ల మొగుణ్ణి తినేస్తుంది. అది తేల్చడానికి నాకొక పద్ధతి ఉండేది. అలికిన నేల మీద జల్లించిన రాగిపిండి పలచగా చల్లించి, పిల్లను దాని మీద నడిపించేదాన్ని. యుద్ధం రోజుల్లో పిడికెడు పిండి దొరకడమే కష్టమైపోయినా నా కోసం ఎవరూ వెనకాడలేదు. పిండిలో ఐదు వేళ్ళూ పడితే తాంబూలాలు. నాలుగే పడితే మేము లేచి వచ్చేసేవాళ్ళం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నేను ఇరవై రెండేళ్ళకే విధవనయ్యాను. కలరా వచ్చి రెండు రోజుల్లో మా ఆయన్ని తీసుకుపోయింది. విధవ ఎదురైతే బండి వెనక్కి తిప్పుకుపోయే ఊళ్ళు మావి. అలాంటి ఊళ్ళలో నాకోసం బండి వచ్చేది. పెళ్ళిచూపుల ఇంట్లో ముందు చాప నాది. నా తర్వాతే పెళ్ళికొడుకు తల్లి కూర్చునేది. ఆ విద్య గనక లేకపోతే నేను ఏదో ఒక ఇంటి పెరట్లో గిన్నెలు తోముకుంటూ, శుభకార్యం అనగానే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునే మనిషిని. ఈ సంగతి నేను ఏ రోజూ మరిచిపోలేదు.

నీకు ఈ విద్య ఎక్కడిదమ్మా అని ఎవరైనా అడిగితే మా నాయన బీరప్పది అనేదాన్ని. మా నాయన పుంగనూరు సంతలో పశువుల ఒంటి మీది సుళ్ళు చూసి మంచిచెడ్డలు చెప్పేవాడు. పొట్టి ఆవుల దగ్గర్నుంచి మైసూరు ఎద్దుల దాకా ఆయన చెయ్యి వేసి ఊ అంటే బేరం తెగేది. తండ్రికి పశువులు, కూతురికి పిల్లలు, విద్య రక్తంలోనే ఉందని జనం మెచ్చుకునేవాళ్ళు. నేనూ మెచ్చుకోనిచ్చాను.

పంతొమ్మిది వందల నలభై ఆరులో, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, కుప్పం వైపు నుంచి ముగ్గురు మనుషులు బొగ్గుతో నడిచే బస్సు దిగి నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. శాంతిపురం దగ్గరి రైతులు. విజయమ్మ అనే ఆమె, ఆమె భర్త బైరప్ప, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు అంజనప్ప. బైరప్ప చేతికర్ర పట్టుకుని కుంటుతున్నాడు. నా పేరు అంతదూరం పోయిందని నాకు కడుపు నిండిపోయింది. పిల్లది రామసముద్రం పక్క పల్లె అని చెప్పారు. మర్నాడు పొద్దున్నే బండి మాట్లాడుకుని బయలుదేరాం.

దారిలో విజయమ్మ అంతా చెప్పింది. ఆమెకు ఆగి ఆగి మాట్లాడటం చేతకాదు.

"పోయిన ఏడు రాగి చేను మీదికి ఏనుగులు పడినాయి జయలక్ష్మమ్మా. మా రామకుప్పం చేను అడివి పక్కనే. ఈయన మంచె మీద కాపలా ఉండాడు. ఏనుగు మంచెను ఊపినాది, ఈయన కింద పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో మూడు నెల్లు పడుకోబెట్టినారు. ఆడ నర్సు పిల్ల ఈయన్ని ఎట్ల సూసుకున్నాదంటే, కన్నకూతురు కూడా అట్ల సూడదు. పుండు పట్టకుండా పూటకోసారి పక్కకు తిప్పేది. జ్వరమొచ్చినప్పుడు ఈయన బతకడని నేనే ఆశ వదులుకున్నా, ఆ పిల్ల వదల్లేదు."

"అయితే ఇంకేమి? పిల్ల మంచిదే గదా" అన్నాను.

"మంచిదే. యాల కాదంటాను? మావోడికి ఆ పిల్ల తప్ప ఇంకో పిల్ల వద్దంట. నాకూ ఇష్టమే. కానీ ఒక్కడే కొడుకు నాకు. నా మొగుణ్ణి బతికించినాదని నా కొడుకు ప్రాణం గాలికి వదిలేస్తానా? కాళ్ళు సూపించనిదే నేను ఒప్పుకోను. నువ్వు సరేనంటే ఈ రోజే తాంబూలాలు. కాదంటే ఈ బండి ఇట్లే వెనక్కి తిరుగుతాది. వీడు కూడా నా తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టినాడు."

అంజనప్ప బండి తోలేవాడి పక్కన కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. వాడి మెడ మాత్రం బిగుసుకుంది. బైరప్ప కర్ర కొసతో తన చెప్పుకు అంటిన మట్టి గీకుతూ, "కాళ్ళు సూడాలంటే నా కాళ్ళు సూడు జయలక్ష్మమ్మా, ఒకటి పొడుగు ఒకటి కురచ" అని నవ్వాడు. విజయమ్మ ఆయన్ని మోచేత్తో పొడిచింది.

ఇంటి ముందు బండి ఆగింది. వాకిట్లో అంచు విరిగిన రుబ్బురోలు, నీలం రంగు తలుపు. ఈ వాకిట్లోకి నేను ఇంతకు ముందు వచ్చాను. ఎనిమిదేళ్ళ క్రితం, మదనపల్లె నుంచి వచ్చిన ఒక సంబంధం వాళ్ళతో. పిల్ల పేరు శ్యామల. అప్పుడు పదహారేళ్ళు. పిండిలో నాలుగు వేళ్ళే పడ్డాయి. మేము లేచి వచ్చేశాం, పెట్టిన ఫలహారం కూడా ముట్టలేదు.

కాళ్ళకు నీళ్ళు తెచ్చిన గంగులయ్య, అంటే ఆ పిల్ల తండ్రి, నన్ను చూసి చెంబు చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు. మనిషి సగమైపోయాడు. వచ్చిన చుట్టాల ముందు ఏమీ అనలేక, "రండప్పా, రండమ్మా, కాళ్ళు కడుక్కోండి" అని నీళ్ళు పోశాడు. అందరం కాళ్ళు కడుక్కుని అరుగు బండ మీదుగా లోపలికి నడిచాం.

అలవాటు మంచిదైనా చెడ్డదైనా మన మాట వినదు. నా కళ్ళు బండ మీది తడి అడుగుల మీదికి పోయాయి. అంజనప్పవి పెద్ద పాదాలు. బైరప్పది ఒక అడుగు నిండుగా, ఒకటి సగం, పక్కన కర్ర గుర్తు. వాటి వెనకే విజయమ్మ అడుగులు. కుడికాలు నాలుగు వేళ్ళు. ఎడమకాలు నాలుగు వేళ్ళు.

నేను మళ్ళీ చూశాను. ఎండకు ఆరిపోయేలోపల వంగి మరీ చూశాను. చిటికెన వేలు ఉండాల్సిన చోట రెండు కాళ్ళకూ పొడి బండే ఉంది. తలెత్తి విజయమ్మ వైపు చూశాను. నల్లపూసలు, పసుపుతాడు, నుదుట రూపాయంత కుంకుమ. ఆమె పక్కనే ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసిన మొగుడు, గడప తగిలి పడకుండా ఆమె భుజం పట్టుకుని లోపలికి అడుగేస్తున్నాడు.

నా బుద్ధికి అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళలో నేను పెళ్ళికాని పిల్లల కాళ్ళే చూశాను. పెళ్ళయి, పిల్లల్ని కని, మొగుళ్ళతో పోట్లాడుతూ హాయిగా బతుకుతున్న ఆడవాళ్ళ కాళ్ళు ఒక్కసారీ చూడలేదు. పిండి మీద నూరు మంది పిల్లల్ని నడిపించాను. ఒక్క తల్లిని నడిపించలేదు.

పిల్లను దగ్గరగా చూడాలని చెప్పి నేను లోపలి గదిలోకి వెళ్ళాను. అది నాకు మామూలే, ఎవరూ అనుమానించలేదు. శ్యామల కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళ మనిషి. మంచి పొడగరి, వెడల్పైన భుజాలు, పని చేసిన చేతులు. నన్ను చూసి నమస్కారం పెట్టింది. ఆ నమస్కారంలో భయం లేదు, నాకే భయమేసింది.

"నన్ను గుర్తు పట్టినావా?" అన్నాను.

"మరిచిపోతే గదా గుర్తు పట్టేది" అంది.

ఆ తర్వాత మెల్లగా చెప్పింది. నేను లేచి వెళ్ళిపోయాక ఇంకో సంబంధం రాలేదట. మొగుణ్ణి తినే కాలని ఊరంతా పాకిందట. కొత్త జంట వీధిలోకి వస్తుంటే, నువ్వు పక్కకు పో అమ్మీ అనేవాళ్ళట. పెళ్ళి కాకుండానే ఆ పిల్లను విధవను చేసి పెట్టాను. మేనత్తకు జబ్బు చేస్తే తోడుగా మదనపల్లె ఆసుపత్రికి పోయి, ఇక ఊరికి తిరిగి రాలేదు. మొదట ఆయాగా చేరింది. పరంజ్యోతమ్మ అనే పెద్ద నర్సు దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పింది.

"ఆడ మొగోళ్ళ వార్డులో నాలుగేండ్లు చేసినాను" అంది శ్యామల. "చస్తామని వచ్చినోళ్ళు లేచి నడిచిపోతా ఉంటే వాకిలి దాకా పోయి సాగనంపినాను. అప్పుడప్పుడు ఈ కాలు సూసుకుని నవ్వుకునేదాన్ని."

ఆ మాటకు నేను తల దించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాననే చెప్పాలి. "ఈ సంబంధం నీకిష్టమేనా?" అని అడిగాను.

"ఇష్టమే. నాకు ఆయన కావాల. ఆ ఇల్లు కావాల. బైరప్ప మామ నోరు వినకుండా నాకు పొద్దుపోవడం లేదు." ఇంతసేపూ రాయిలా ఉన్న మనిషికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎనిమిదేండ్లుగా నేను ఏదీ అడగలేదమ్మా. ఇది అడుగుతాండాను."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అయితే ఇను. పిండి మందంగా చల్లిస్తాను. నువ్వు పాదాన్ని బయటి వైపుకి వాల్చి అడుగెయ్యి. ఐదూ పడతాయి. నేను సరేనంటాను. ఇంకెవురికీ తెలీదు."

శ్యామల చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు."

"యాల?"

"రేపు ఆయనకు జలుబు చేస్తే నేను భయంతో చావాల. ఆయనకు కాలిలో ముల్లు దిగితే మా అత్త నా కాలి కేసి సూస్తాది. దొంగ అడుగేసి ఆ ఇంట్లో నేను కాపురం చెయ్యలేను. నాలుగు పడతాయి, పడనీ. నువ్వు ఉన్నది చెప్పు."

"ఉన్నది చెప్తే బండి తిరిగిపోతాది తల్లీ!"

"నాలుగని చెప్పడం కాదు. నాలుగు పడితే మొగుడు సస్తాడని నీకెవురు చెప్పినారో, అది చెప్పు."

ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నేనూ నన్ను అడుక్కోలేదు. గదిలోంచి బయటికి వచ్చాను. ఆ పిల్లకు నేను చెయ్యగలిగిన న్యాయం ఏమిటో నాకు తెలుసు. అది చేస్తే ఇక నా వాకిట్లోకి బండి రాదని కూడా తెలుసు. ముందు చాప పోతుంది, ముందు వాకిలి పోతుంది. నేను మళ్ళీ ఒట్టి విధవనవుతాను. దొడ్డిదారిన పారిపోదామా అని కూడా ఒక క్షణం అనిపించింది, ఎందుకు దాచాలి?

ముందు గదిలో నేల అలికి ఉంది. గంగులయ్య జల్లెడ పట్టుకుని పిండి చల్లాడు. పిండి పలచగానే పడింది. శ్యామల వచ్చింది. పాదాలు తడిపి, ఎటూ వాలకుండా, రోగి మంచం దగ్గరికి నడిచినట్టు చకచకా నాలుగడుగులు వేసి అవతల నిలబడింది.

అందరూ నా వైపు చూశారు. విజయమ్మ మాత్రం నా కోసం ఆగలేదు, తనే వంగి చూసింది. "నాలుగే" అంది. ఆమె ముఖం పాలిపోయింది. పాపం, ఆమెకూ ఆ పిల్ల కావాలి. "నాలుగే పడినాయి. లెయ్యండి. అంజనప్పా, లెయ్యిరా."

అంజనప్ప లేవలేదు. కూర్చున్న చోటే తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. గంగులయ్య గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు.

"కూసో విజయమ్మా" అన్నాను. "నేనింకా చెప్పలేదు. నన్ను పిలిపించుకున్నావు గదా, నా మాట ఇని పో."

ఆమె కూర్చోలేదు గానీ ఆగింది.

"ఈ పిల్లను నేను ఎనిమిదేండ్ల కిందట ఈ నేల మీదనే నడిపించినాను. నాలుగు వేళ్ళని చెప్పి లేచి పోయినాను. ఆ మాట నాకు యాడిదో ఇప్పుడు చెప్తాను. నాకు తొమ్మిదేండ్లు. మా నాయన సంతలో ఒక ఎద్దును నడిపించి సూస్తా ఉండాడు. దానికి గిట్టలో బయటి చీలిక నేలకు ఆనడం లేదు. ఇది కాడి కట్టేదానికి పనికిరాదు, జత ఎద్దును తినేస్తాది అన్నాడు. యాల నాయనా అని అడిగినాను. అది సరిగ్గా అడుగెయ్యలేదు గదా, బరువంతా పక్క ఎద్దు మీద పడతాది, అది మూడేండ్లకే సచ్చిపోతాది అన్నాడు. అంతే. ఆనని చిటికెన వేలు మంచిది కాదని అవ్వలు అనుకునేదే, తినేస్తాదని మా నాయన చెప్పింది మాత్రం ఎద్దుకు. నేను పెండ్లిపిల్లలకు చెప్పినాను."

నేను విజయమ్మ వైపు తిరిగాను.

"మెడ కురచైతే మాట పడదన్నది కూడా ఎద్దు సంగతే. కురచ మెడ ఎద్దు పలుపు లాగితే ఇనదు. భుజాల వెడల్పు, నడిస్తే దుమ్ము, అన్నీ సంతలోవే. మొదటిసారి ఒక పిల్లకు నాలుగు వేళ్ళని నేను వద్దంటే, ఇంకొకరు చేసుకున్నారు. ఆ మొగుణ్ణి ఏడాది తిరక్కుండా పాము కరిచినాది. ఇంక సూడు, నా పేరు మోగిపోయినాది. ఆ తర్వాత నేను వద్దన్న పిల్లల్ని ఎవురూ చేసుకోలేదు. చేసుకోనప్పుడు నా మాట తప్పని తేలేదెట్ల?"

"నువ్వు ఇప్పుడు ఈ పిల్ల మీద జాలితో చెప్తాండావు" అంది విజయమ్మ. ఆమె గొంతులో కోపం ఉంది, ఆశ కూడా ఉంది.

నేను చెంబులో నీళ్ళు కాలి మీద పోసుకున్నాను. శ్యామల అడుగు పక్కనే పిండిలో నా కాలు మోపి, తీశాను. "వంగి సూడు. లెక్కపెట్టు."

విజయమ్మ వంగింది. "ఐదు" అంది.

"ఐదూ ముత్యాల్లా పడినాయి గదా? ఈ కాలు సూసి మా అత్త ఊరంతా చెప్పుకున్నాది, లక్ష్మి పాదం అని. నన్ను పిండి మీద నడిపించినా, పసుపు మీద నడిపించినా ఐదే. మా ఆయన నాలుగేండ్లు కూడా బతకలేదు. కలరా నా కాళ్ళు సూసి రాలేదమ్మా." అక్కడ నాకు ఏడుపొచ్చింది. ఇరవై మూడేళ్ళుగా నలుగురిలో ఏడవని మనిషిని, అంతమంది ముందు ఏడ్చేశాను. "నాకు తెలుసు. నా కాలు సంగతి నాకు తెలుసు. అయినా నోరు మూసుకుని ఊరి పిల్లల కాళ్ళు లెక్కపెట్టినాను."

శ్యామల వచ్చి నా పక్కన నిలబడింది.

నేను కళ్ళు తుడుచుకుని, "ఇంకొకటి ఉండాది" అన్నాను. "ఈ రోజు ఈ ఇంట్లోకి వచ్చినోళ్ళలో ఒకామెకు నాలుగు వేళ్ళే. రెండు కాళ్ళకూ. బండ మీద తడి అడుగులు నేను సూసినాను. ఆమె మొగుడు నిక్షేపంగా ఉండాడు."

"ఎవురు?" అని విజయమ్మ చుట్టూ చూసింది. ఆ ఇంట్లోకి వచ్చిన ఆడవాళ్ళం ఇద్దరమే. నాది ఐదు వేళ్ళని ఇప్పుడే తేలింది. ఆ లెక్క ఆమెకు అందేలోపే బైరప్ప పగలబడి నవ్వాడు. కర్ర నేలకు కొట్టి మరీ నవ్వాడు.

"నువ్వేనే! ఇంకెవురు?"

"ఏం కూస్తాండావు?"

"పెండ్లయిన మూడో నాడు పొద్దున్నే నువ్వు వాకిట్లో ముగ్గు తొక్కుకుని లోపలికొచ్చినావు. గడప మీద తెల్లగా అడుగులు పడినాయి. నాలుగు వేళ్ళు. మా అమ్మ పెరట్లో నుంచి వస్తా ఉండాది. సూసిందంటే నిన్ను పుట్టింటికి తోలేస్తాది. నేను గబగబా కాలితో చెరిపేసినాను."

విజయమ్మ మొగుడి వైపు తిరిగింది. "ముప్పై రెండేండ్లు... నాకు యాల చెప్పలేదు?"

"చెప్పింటే నువ్వు దినామూ బయపడి సచ్చుంటావు. నాకు లేని బయం నీకు యాల పెట్టేది?" బైరప్ప నవ్వు ఆపి కళ్ళు తుడుచుకున్నాడు. "ఏనుగు తరిమినాది, మంచె కూలినాది, తొడ విరిగినాది, జ్వరమొచ్చినాది. అయినా నీ ముందర కూసోని ఉండాను. నన్ను తినేదానికి ముప్పై రెండేండ్లు చాలలేదా నీకు?"

ఆమె నమ్మలేదు. కాలు తడుపుకుని పిండి మీద అడుగేసింది. నాలుగు. ఎడమకాలు వేసింది. నాలుగు. పాదం గట్టిగా నొక్కి ఇంకోసారి వేసింది. అయినా నాలుగే. నడుము మీద చేతులు పెట్టుకుని ఆ పిండిలో తన అడుగులు, శ్యామల అడుగులు, నా అడుగు, అన్నీ కలిసిపోయి ఉన్నవాటిని చాలాసేపు చూసింది. పగిలిపోయి ఏడుస్తుందో, నన్ను కొడుతుందో నాకు తెలియలేదు.

"కొడుక్కి ఇట్లనే ముగ్గురు పిల్లల్ని వద్దన్నాను" అంది చివరికి. "వాళ్ళ తల్లుల ముందర." తర్వాత శ్యామల వైపు తిరిగింది. "నీకు నాలుగు పడతాయని ముందే తెలుసా అమ్మీ?"

"తెలుసు."

"తెలిసి కూడా సక్కగా నడిచినావా?"

"మీ ఇంట్లో ముప్పై ఏండ్లు నడవాల గదా అత్తా" అంది శ్యామల.

విజయమ్మ తెచ్చుకున్న గంప ముందుకు లాగి, కుంకుమ భరిణె తీసి, పిల్ల నుదుట తనే బొట్టు పెట్టింది. అంజనప్ప లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, ఏం చెయ్యాలో తోచక గంగులయ్య కాళ్ళకు దండం పెట్టాడు. గంగులయ్య వాడిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తాంబూలాలు మార్చుకునే వేళకు నేను వంటింటి వైపు జరగబోయాను. ఇక ఆ ముందు చాప నాది కాదు కదా. బైరప్ప కర్ర అడ్డం పెట్టి, "యాడికి పోతాండావు? సరిగ్గా కూసో" అన్నాడు.

నేను చెప్పింది వారం తిరిగేలోపల పుంగనూరు దాకా పాకింది. బండ్లు ఆగిపోయాయి. ఇద్దరు ముగ్గురు వచ్చి, మా పిల్లల బతుకులు ఎద్దులతో పోల్చి పాడు చేశావని వాకిట్లో నిలబడి తిట్టారు. తిట్టాలి కదా మరి, నేను తలుపు తీసి నిలబడి అన్నీ పడ్డాను. నేను వద్దన్న పిల్లల పేర్లు గుర్తున్నంతవరకు గుర్తు చేసుకుని, ఒక్కొక్క ఇంటికీ నడిచి వెళ్ళి అదే సంగతి చెప్పి వచ్చాను. కొందరు నీళ్ళిచ్చారు, కొందరు తలుపు వేశారు. వాళ్ళలో ఇద్దరికి ఆ ఏడే పెళ్ళిళ్ళయ్యాయి.

శ్యామల పెళ్ళి శాంతిపురం దగ్గర అత్తవారి ఊళ్ళోనే జరిగింది. నన్ను బస్సెక్కించుకు పోవడానికి అంజనప్ప స్వయంగా వచ్చాడు. తాళి కట్టే వేళకు నేను పందిరి చివర, స్తంభం చాటున నిలబడ్డాను. కొత్త కోడలిని ఇంట్లోకి తీసుకొచ్చే వేళయింది. గడప ముందు ఎర్రనీళ్ళ పళ్ళెం ఎవరు పట్టుకోవాలని ముత్తైదువలు మాట్లాడుకుంటున్నారు.

"జయలక్ష్మమ్మ పట్టుకుంటాది" అంది పెళ్ళికూతురు.

ఒక పెద్దావిడ ముందుకొచ్చి, "ఆయమ్మ... అట్ల కుదరదు పిల్లా" అని నసిగింది.

"నన్ను ఎనిమిదేండ్లు ఎవురికీ ఎదురు రావద్దన్నారు అవ్వా" అంది శ్యామల. "ఎవురు ఎదురొస్తే నాకు మంచిదో నేను చెప్తాను." విజయమ్మ పళ్ళెం తెచ్చి నా చేతుల్లో పెట్టి, "చెయ్యి వణకనీయొద్దు, నీళ్ళు ఒలుకుతాయి" అంది.

చెయ్యి వణికింది. అయినా దిష్టి తీసి, పళ్ళెం గడప ముందు కింద పెట్టాను. శ్యామల ఎర్రనీళ్ళలో పాదాలు ముంచి, గడప దాటి, తెల్లటి గచ్చు నేల మీద నడిచి లోపలికి వెళ్ళింది. వెనక అడుగులు ఎర్రగా పడ్డాయి. చుట్టాల్లో గుసగుస మొదలైంది. నాలుగే, నాలుగు వేళ్ళే అంటున్నారు. ఒకామె తడిగుడ్డ తీసుకుని తుడవడానికి వంగింది.

"ఎవురూ తుడవొద్దు" అంది విజయమ్మ. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పళ్ళెం దగ్గరికి వచ్చింది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఎర్రనీళ్ళలో ముంచి, కోడలి అడుగుల పక్కనే తన అడుగులు వేసుకుంటూ అందరి ముందూ లోపలికి నడిచింది. బైరప్ప కర్ర పట్టుకుని కుంటుతూ, ఒక్క అడుగూ చెరగకుండా పక్క పక్కనుంచి జాగ్రత్తగా వెళ్ళాడు.

ఆ సందడిలో పలమనేరు వైపు చుట్టం ఒకాయన నా పక్కకు వచ్చి, "మావోడికి పిల్లను సూస్తాండాము జయలక్ష్మమ్మా, నువ్వొకసారి..." అని మొదలుపెట్టాడు.

"వస్తాను. పెండ్లి కుదిరినాక వచ్చి అన్నం తింటాను" అన్నాను.

తర్వాత గడప ముందు నిలబడి ఆ రెండు వరసల ఎర్రటి అడుగుల్ని చూశాను. బుద్ధెరిగాక మొదటిసారి, వేళ్ళు లెక్కపెట్టకుండా చూశాను.